రెండామడల పున్నమి దారి

నెల్లూరులో మైపాడు గేటు ఎక్కడని అడిగితే ఆటో తోలే కుర్రాడైనా తడుముకోకుండా చెబుతాడు. అక్కడ తూర్పు ముఖం పట్టిన రోడ్డు ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్లు పోయి, మైపాడు దగ్గర బంగాళాఖాతం ఒడ్డున ఆగుతుంది. కారులో ముప్పావు గంట ప్రయాణం. కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ తెల్లవారకముందే ఈ రోడ్డు మీద బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్ళు బారులు తీరతాయి. జనం దిగుతారు, మునుగుతారు, దీపం వెలిగిస్తారు, ఫొటోలు తీసుకుంటారు, ఎండెక్కకముందే ఇల్లు చేరతారు.

ఇదే దారిని వాళ్ళ తాతలు, ముత్తాతలు రాత్రంతా నడిచేవారు.

పాత కొలతలో నెల్లూరి నుంచి మైపాడు రెండామడలు. ఆమడంటే సుమారు ఎనిమిది మైళ్ళు. రాత్రి భోజనాలు ముగించి బయలుదేరితే, మధ్యలో రెండు మూడు చోట్ల నడుం వాల్చినా, తొలికోడి కూసే వేళకు సముద్రపు హోరు చెవిన పడేది. ఒక ఇంటివాళ్ళు ఒంటరిగా కదిలే ఆనవాయితీ లేదు. వీధికి వీధి, ఊరికి ఊరు జతకట్టేది. దారిలో ఒక్కో పల్లె దగ్గర ఒక్కో గుంపు వచ్చి కలిసేది. పేటలో యాభై మందితో మొదలైన నడక కాలువ దాటేసరికి తిరునాళ్ళ జనమంత అయ్యేది.

సముద్రాన్ని ఏ రోజు పడితే ఆ రోజు తాకకూడదనీ, పర్వదినాల్లోనే అందులో మునగాలనీ పెద్దల మాట. మంగళ, శుక్రవారాలు సముద్ర స్నానానికి అసలే పనికిరావంటారు. ఆషాఢ, కార్తీక, మాఘ, వైశాఖ పౌర్ణములు సాగర స్నానానికి శ్రేష్ఠమని చెబుతూ, పిల్లలకు గుర్తుండేలా నాలుగింటినీ కలిపి ‘ఆకామావై’ అనేవారు. నెల్లూరు జనం మైపాడుకు ఎక్కువగా కదిలింది కార్తీకానికీ మాఘానికే. రాత్రి నడకకు పున్నమి సొంతంగా చేసిపెట్టే ఉపకారం కూడా ఒకటుంది. చతుర్దశి చంద్రుడు పొద్దుగూకకముందే తూర్పున లేచి, తెల్లవారుజాము దాకా ఆకాశంలోనే ఉంటాడు. ఊరు వదిలేటప్పుడు ఎదురుగా కనిపించిన చంద్రుడు, ఇసుక పర్రలు చేరేసరికి వీపు వెనక ఉండేవాడు. మబ్బులు లేని రాత్రయితే లాంతరు అవసరమే పడేది కాదు.

మబ్బులు లేని రాత్రి మాటెత్తగానే రెండు పౌర్ణములకూ తేడా వచ్చేస్తుంది. నెల్లూరు సీమకు వానలు ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లోనే కార్తీక పౌర్ణమి వస్తుంది. డెల్టా బంకమట్టిలో మోకాలి లోతు బురద, పొంగే కాలువలు, ఉన్నట్టుండి ముంచుకొచ్చే తుపాను. ఆ నెలలో మైపాడు నడక నిజంగా వ్రతమే. మాఘానికి నేల ఆరిపోయేది, గాలి చల్లబడేది. మొలగొలుకుల చేలు కోతకొచ్చి, రోడ్డుకు రెండు వైపులా పండిన వరి వాసన వేసేది. ఆరు నెలల పంట అయిన మొలగొలుకులు నెల్లూరి బియ్యానికి దేశమంతా పేరు తెచ్చిన రకం. 1855లో నెల్లూరు దగ్గర, 1886లో సంగం దగ్గర పెన్నకు ఆనకట్టలు పడ్డాక ఈ తూర్పు పల్లెలన్నీ కాలువల కింద మాగాణి అయ్యాయి. జాఫర్ సాహెబ్ కాలువ వంటి కాలువల గట్లే ఆ పల్లెలకు బాటలు. యాత్రికులు కూడా చాలాచోట్ల రోడ్డు వదిలి గట్టు పట్టేవారు. గట్టు మీద నీడ ఉండేది, పక్కనే నీళ్ళుండేవి, దారి తప్పే భయం లేదు.

ప్రయాణపు హడావుడి రెండు రోజుల ముందే మొదలయ్యేది. పులిహోర, దద్దోజనం, మినప సున్నుండలు, వేయించిన శనక్కాయలు. ఉపవాసం ఉన్నవాళ్ళకు అటుకులు, బెల్లం, అరటిపళ్ళు. తాటాకు బుట్టల్లో, ఇత్తడి క్యారియర్లలో సర్దుకునేవారు. ఆవునేతిలో తడిపిన వత్తులు ఒక చిన్న డబ్బాలో. 365 వత్తుల కట్ట వెలిగిస్తే ఏడాది పొడుగునా దీపం పెట్టిన ఫలమని నమ్మకం. అరటిదొన్నెలు ఎండిపోకుండా తడిగుడ్డలో చుట్టేవారు. పొడి బట్టల మూట వేరు, పూజ సామాను మూట వేరు. రెండూ కలిసిపోతే ముసలమ్మలు ఊరుకునేవారు కారు.

నడవలేని వాళ్ళకు గూడు బండి. అడుగున వరిగడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, ముసలివాళ్ళనూ పసిపిల్లలనూ బాలింతలనూ ఎక్కించేవారు. పెళ్ళీడు పిల్లలు బండి వెనక పట్టుకుని నడిచేవారు. ఎద్దుల మెడ గంటల మోతను బట్టి ఎవరి బండి ముందుందో, ఎవరిది వెనకపడిందో చెప్పగలిగేవారు. ఆ బండ్లకు కట్టిన తెల్లటి, మూపురమెత్తిన ఒంగోలు జాతి ఎద్దుల వంశం పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరింది. అక్కడ దాని పేరు నేటికీ ‘నెలోర్’. ఆ దేశపు పశుసంపదలో పెద్ద భాగం ఆ జాతిదే. ఊరి పేరు అంత దూరం మోసుకుపోయిన ఎద్దుల వారసులు మైపాడు రోడ్డు మీద ఇప్పుడు కనబడటం అరుదు.

కోడళ్ళకు ఈ నడక మరో విధంగా విలువైనది. పుట్టింటికి తప్ప ఇల్లు కదలని ఆ కాలపు ఆడవాళ్ళకు, ఎవరి అనుమతీ ప్రత్యేకంగా అడగకుండా రాత్రంతా ఆరుబయట గడిపే అవకాశం ఏడాదిలో ఒకటో రెండో సార్లు దొరికేది. పుణ్యం పేరు చెబితే అత్తగారు కాదనేది కాదు, పైగా తనే ముందు నడిచేది. దారి పొడుగునా పాటలు. కార్తీకంలో శివుడి మీద కీర్తనలు, మాఘంలో రాముడి పాటలు, మగవాళ్ళ గుంపులో బ్రహ్మంగారి తత్వాలు. చెక్క భజన వాళ్ళు తోడుంటే నడక తెలిసేదే కాదు. ఒక గుంపు పాట ఆపితే వెనక గుంపు అందుకునేది. వదినామరదళ్ళు నాలుగు గోడల మధ్య చెప్పుకోలేని మాటలు ఈ దారి మీద దొర్లేవి. సంబంధాలు కలిసేవి. “మా పెద్దోడికి మీ చిన్నమ్మిని ఇస్తారా వదినా?” అన్న మాట కాలువ గట్టు మీద మొదలై, తిరిగి వచ్చేటప్పటికి ఖాయమైన పెళ్ళిళ్ళు ఈ పల్లెల్లో కొత్త కాదు.

అయితే ఈ దారి అందరికీ ఒకేలా ఉండేది కాదు. పందిరి కింద కూర్చునే చోటు, మంచినీళ్ళు తాగే చెంబు, వంట చేసుకునే చెట్టు నీడ, అన్నిటా కులం గీత గీసింది. సముద్రంలో మాత్రం ఆ గీత నిలవలేదు. ఒడ్డు ఎంత పొడుగున్నా నీరు ఒకటే.

ఆ గీతను చెరపడానికి పూనుకున్న వాళ్ళు ఈ దారి పక్కనే ఉన్నారు. ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాన్ని నెలకొల్పారు. స్థలం సమకూర్చింది పొణకా కనకమ్మ. దక్షిణాఫ్రికాలో గాంధీజీ సహచరుడైన పార్సీ రుస్తుంజీ ధనసహాయం చేశాడు. ఖద్దరు, అంటరానితనం నిర్మూలన, మద్యనిషేధం ఆశ్రమవాసుల దినచర్య. 1930 మార్చి 12న గాంధీజీ సబర్మతి నుంచి దండికి నడక మొదలుపెట్టి సుమారు 385 కిలోమీటర్లు నడిచి సముద్రం చేరారు. ఆ వేసవిలో నెల్లూరు జిల్లా సత్యాగ్రహుల చూపు కూడా మైపాడు తీరం మీదే పడింది. పుణ్యస్నానానికి జనం నడిచిన దారినే ఉప్పు వండటానికి కార్యకర్తలు నడిచారు. సముద్రం దాకా కలిసి నడవడం ఈ జనానికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

ఊళ్ళు వెనకపడ్డాక బకింగ్‌హాం కాలువ వచ్చేది. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా మొదలైన ఈ ఉప్పునీటి కాలువను దశాబ్దాల మీద ఉత్తరానికి పెదగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా పొడిగించారు. మొత్తం 420 కిలోమీటర్లు. 1876-78 నాటి ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత కొంత భాగం తవ్వించారు. 1878లో అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. కరువు జనం చెమటోడ్చి తవ్విన కాలువను దాటడానికి యాత్రికులు రేవు దగ్గర గుమిగూడేవారు. నెల్లూరు తీరపు సర్వి కట్టెలు, ఉప్పు, ధాన్యం నింపుకుని మద్రాసుకు పోయే పడవలు అక్కడే ఆగి ఉండేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం, ఇదీ పడవవాళ్ళ బతుకు. ఆ చతుర్దశి రాత్రి వాళ్ళు సరుకు పక్కన పెట్టి జనాన్ని దాటించేవారు. కొందరు డబ్బులు తీసుకునేవారు, కొందరు “గంగమ్మ దగ్గరికి పోయే వాళ్ళ దగ్గర తీసుకుంటామా?” అని చెయ్యి వెనక్కు తీసుకునేవారు.

కాలువ దాటాక నేల మారిపోయేది. బంకమట్టి పోయి ఇసుక, వరి పోయి తాడిచెట్లు, సర్వి తోపులు. బండి చక్రాలు ఇసుకలో కూరుకుపోయేవి. అందరూ దిగి చక్రాలకు భుజం ఆన్చవలసిందే. ఆ తరువాత చేపలు పట్టే పట్టపువాళ్ళ పల్లె, పట్టపుపాలెం. ఉప్పు సముద్రం పక్కన మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో ఈ పట్టపువాళ్ళకే బాగా తెలుసు. ఇసుక దిబ్బల్లో ఇంకిన వాననీరు, బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలి నిలబడుతుంది. మూరెడు లోతు చెలమ తీస్తే తియ్యటి నీరు ఊరుతుంది. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది. ఆ కొలత తెలిసిన ఆడవాళ్ళు పౌర్ణమికి ముందే చెలమలు తీసి, కుండలు నింపి, జనానికి నీళ్ళు పోసేవారు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువ కాబట్టి ఎక్కడ లోతు, ఎక్కడ సుడి, ఎక్కడ కాళ్ళ కింద ఇసుక జారుతుందో చూపించి, పిల్లలను పట్టుకుని ముంచి లేపే పని వాళ్ళ మగవాళ్ళది. ఇప్పుడు అధికారులు గజ ఈతగాళ్ళను నియమిస్తున్నారు. వాళ్ళలోనూ ఈ పాలేల వాళ్ళే ఎక్కువ.

సంకల్పం చెప్పించుకుని, తూర్పున ఎరుపు కమ్మేలోపు మూడు మునకలు. చీరలు అడ్డం పట్టి బట్టలు మార్చుకోవడం. తడి ఇసుకతో లింగం చేసి, దాని మీద పసుపు, కుంకుమ, రెండు పూలు, ఒక దీపం. అల వచ్చి లింగాన్ని తీసుకుపోతే పూజ అందినట్టు. గంగమ్మకు గాజులు, రవిక గుడ్డ వదిలేవారు. చాలామంది ఆ రోజంతా తీరంలోనే గడిపేవారు. సర్వి చెట్ల కింద చద్దిమూటలు విప్పి, ఒకరి పులిహోర ఒకరి దద్దోజనంతో మార్చుకునేవారు. బొరుగులు, పప్పుండలు, తాటి తేగలు, శంఖాలు, గవ్వలు అమ్మే దుకాణాలు వెలిసేవి. కార్తీకంలో నీచు ముట్టరు కాబట్టి ఎండుచేపల గంపల వైపు చూసేవాళ్ళు తక్కువ. మాఘంలో మాత్రం తిరుగుబండిలో ఒక మూట తప్పకుండా ఎక్కేది. గంగపట్నం చాముండేశ్వరి అమ్మవారిని చూసుకుని పొద్దు వాలాక బయలుదేరితే, మర్నాడు తెల్లవారేసరికి ఇల్లు. అంటే ఒక స్నానానికి రెండు రాత్రులు, ఒక పగలు.

ఇలాంటి నడక మైపాడుకే ప్రత్యేకం కాదు, తెలుగు దేశమంతా ఇలాగే నడిచింది. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి అయిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, కోస్తా దారిన నెల్లూరు జిల్లా మీదుగా తిరిగి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. ఆయన తన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీలో సత్రం ఉంది, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ బియ్యం దొరుకుతుంది అని పూసగుచ్చినట్టు రాశాడు. మనిషి కాలినడకన పోయే రోజుల్లో దారికి సంబంధించిన ఈ జ్ఞానం ప్రాణంతో సమానం. మైపాడు దారి మీద ఆ జ్ఞానం పుస్తకంలోకి ఎక్కలేదు, ముసలమ్మల నోట్లో బతికింది.

ఆ దారి ఒక్కరోజులో పోలేదు. ముందు బస్సులు వచ్చాయి. రోడ్డుకు తారు పడింది. 1899లో నెల్లూరు మీదుగా మద్రాసు, బెజవాడ రైలు నడవడం మొదలైనప్పటి నుంచి చిక్కిపోతూ వచ్చిన బకింగ్‌హాం కాలువ రవాణా చివరకు ఆగిపోయింది. పడవలతో పాటు రేవులూ పోయాయి. 2008లో ఆ కాలువను జాతీయ జలమార్గం-4లో చేర్చినా తెరచాపలు తిరిగి రాలేదు. అన్నిటికన్నా గట్టి దెబ్బ 1990ల రొయ్యల చెరువులు. నెల్లూరు తీరం దేశంలోనే పేరుపొందిన రొయ్యల కేంద్రమైంది. పర్ర భూములు, పోరంబోకు బాటలు, కాలువ గట్లు చెరువుల గట్లలో కలిసిపోయాయి. బావులు ఉప్పెక్కాయి. తీరప్రాంత రొయ్యల సాగు మీద గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వ్యవసాయ భూములకూ తాగునీటికీ జరుగుతున్న నష్టాన్ని ఆ తీర్పు గట్టిగా ఎత్తిచూపింది. అప్పటికే చాలాచోట్ల చెలమల నీళ్ళు నోట్లో పోసుకునేలా లేవు. నీళ్ళు లేని దారిని ఎవరు నడుస్తారు?

2004 డిసెంబరు 26, మార్గశిర పౌర్ణమి. ఆ ఉదయం సునామీ కోస్తా తీరాన్ని తాకింది. పున్నమి స్నానాలకు వచ్చిన వాళ్ళను కొన్ని తీరాల్లో అల లాక్కుపోయింది. సముద్రం ఎప్పుడూ ఇచ్చేదే అనుకున్న జనానికి ఆ రోజు గుండెలో భయం నాటుకుంది. కరువు కాలంలో తవ్విన ఆ పాత కాలువే చాలాచోట్ల పోటెత్తిన నీటిని తనలో నింపుకుని, వెనక ఉన్న ఊళ్ళను కాపాడిందని తరువాత పరిశీలకులు రాశారు.

పోయింది స్నానం కాదు. ఆ మాటకొస్తే ఇప్పుడు వచ్చే జనం పూర్వం కంటే ఎక్కువే. పోయింది మధ్యలో ఉన్న పాతిక కిలోమీటర్లు. ఆ దూరంలో ఉన్న పల్లెలకు నెల్లూరు మనిషి ముఖం తెలిసేది, నెల్లూరు మనిషికి ఆ పల్లెల పంట తెలిసేది. పేటలో బట్టల కొట్టు నడిపే ఆయన ఏ కాలువ తెగిందో, ఏ పాలెంలో వల చిరిగిందో కళ్ళారా చూసేవాడు. కిటికీ అద్దం లోంచి అవేవీ కనిపించవు. తీరపు కష్టాన్ని నగరం పట్టించుకోవడం తగ్గడానికి ఇదీ ఒక కారణం.

దారిని కాపాడుకున్న చోట్లు లేకపోలేదు. తిరుమలకు 1944లో ఘాట్ రోడ్డు వచ్చింది. అప్పటిదాకా కొండెక్కాలంటే నడకే. రోడ్డు వచ్చాక అలిపిరి మెట్లు పాడుబడి ఉండేవే. కానీ దేవస్థానం ఆ మార్గాన్ని వదలలేదు. తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు, పైన కప్పు, తాగునీరు, దీపాలు. అందుకే బస్సు సౌకర్యం ఉన్నా ఇప్పటికీ రోజూ వేల మంది నడిచి ఎక్కుతున్నారు. ఐరోపాలో స్పెయిన్ దేశపు సాంతియాగో యాత్రా మార్గం దాదాపు మరుగున పడిన దశలో, ఒక పల్లెటూరి చర్చి ఫాదరీ ఎలియాస్ వలిన్యా 1984లో పసుపు రంగు డబ్బా పట్టుకుని దారి పొడుగునా బాణం గుర్తులు వేశాడు. 1986లో ఆ యాత్ర పూర్తి చేసినట్టు పత్రం తీసుకున్న వాళ్ళు మూడు వేల లోపే. 2024లో దాదాపు 5 లక్షలు. దారి చూపించి, నీళ్ళు అందించి, పడుకోవడానికి చోటిస్తే జనం నడుస్తారు.

మైపాడుకు అంత కూడా అక్కర్లేదు. ఏడాదికి రెండు రాత్రులు, కార్తీక, మాఘ పౌర్ణములకు ముందు వచ్చే చతుర్దశి రాత్రులు, ఇందుకూరుపేట నుంచి సముద్రం దాకా రోడ్డులో ఒక పక్క వాహనాలు రాకుండా తాళ్ళు కట్టాలి. పల్లె పల్లెకూ ఒక చలివేంద్రం పెట్టాలి. ఆ పని చేయడానికి ఇప్పటికీ యువజన సంఘాలు, భజన మండళ్ళు ఉన్నాయి. కాలువ గట్టు మీద ఆక్రమణలు తీసేసి, కానుగలు, వేపలు నాటాలి. కులం అడగని పందిళ్ళు వేయాలి. తీరంలో ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదులు ఏడాది పొడుగునా తాళం తీసి ఉంచాలి. పట్టపుపాలెం ఈతగాళ్ళకు ఆ రెండు రోజులకు సరైన కూలి కట్టివ్వాలి. ఎనభై దాటిన ముసలమ్మలు ఈ పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఏ గట్టు ఎక్కి ఎక్కడ దిగాలో, ఎక్కడ చెలమ తీయాలో వాళ్ళను అడిగి ఇప్పుడే పటం గీయించుకోవాలి. మండల కార్యాలయంలో ఒక పటం, బడిలో ఒక పటం ఉంటే, వచ్చే మాఘానికి పదో తరగతి పిల్లలే జనానికి దారి చూపించగలరు.